వాగు కలిసే చోటు

మంజీర మా ఊరి వెనకే పారుతుంది. ఎండాకాలంలో చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని అవతలికి నడిచిపోయి, ఇసుకలో కాసిన దోసకాయలు కొనుక్కుని వస్తాం. నాకు భయాలెక్కువని ఊరంతా అంటారు, అది అబద్ధమేమీ కాదు. వేలాడే కరెంటు తీగకు, తొందరపడే బస్సు డ్రైవరుకు, పేరు తెలియని మాత్రకు, పెళ్ళి భోజనంలో పెరుగుకు, అన్నిటికీ భయపడతాను. ఆ నదికి భయపడాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

నా బిడ్డ రూత్‌కు పదమూడేళ్ళు. చిన్నప్పుడే షుగర్ వచ్చింది. పెద్దవాళ్ళకు వచ్చేలాంటిది కాదు, మాత్రలకు లొంగదు. పొద్దునా రాత్రీ ఇన్సులిన్ సూది పడాల్సిందే. పడకపోతే ఏమవుతుందో కామారెడ్డిలో డాక్టరు చెప్పాడు. ముందు దాహం, తరువాత వాంతులు, ఆ తరువాత ఊపిరిలో మగ్గిన పండు వాసన. "ఆ వాసన వచ్చిందంటే ఇంట్లో కూర్చోవద్దమ్మా, ఉన్నపళంగా తీసుకురా" అన్నాడు. ఆ రోజు నుంచి రోజుకోసారైనా నిద్రలో ఉన్న దాని నోటి దగ్గర ముక్కు పెట్టి చూస్తూనే ఉన్నాను.

మాకు ఫ్రిజ్ లేదు. పక్కింటి భూమక్క, "మా ఫ్రిజ్‌ల పెట్టు ఎస్తేరు, ఎవ్వరు ముట్టరు" అని ఎన్నోసార్లు చెప్పింది. వాళ్ళింట్లో పిల్లలు చల్లనీళ్ళ కోసం పొద్దస్తమానం ఆ తలుపు తీస్తూ మూస్తూ ఉంటారు. సీసా జారి పగిలితే నా బిడ్డ గతేమిటని నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రిలో నర్సమ్మ నేర్పినట్టు మట్టికుండలో తడి ఇసుక పోసి, సీసాలు అందులో పాతి, వంటింట్లో వెనక గోడ కింద పల్లంగా ఉండే మూలలో పెట్టాను. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు అదే. వాడే సీసా, కొత్త సీసా రెండూ ఆ కుండలోనే. నీళ్ళు వస్తే ముందుగా వచ్చేదీ ఆ మూలకేనని, ఇన్ని భయాలున్న నాకు తట్టనే లేదు.

ఆగస్టు చివర్లో, వినాయక చవితికి, వాన మొదలై ఆగలేదు. మరునాడు తెల్లారేసరికి వెనక గోడ కింది నుంచి నీళ్ళు బుడబుడా లేచాయి. ముందు రూత్‌ను మంచం మీదికి ఎక్కించాను. తరువాత బియ్యం సంచి ఎత్తిపెట్టాను. తిరిగి చూసేసరికి గోడలో సగం కూలింది, కుండ బోర్లాపడి తలుపు వైపు తేలిపోతోంది. బురదనీళ్ళలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. ఇసుక దొరికింది, కుండ పెంకు దొరికింది. సీసాలు రెండూ నీళ్ళతోపాటే వీధిలోకి పోయాయి.

పొద్దుటి సూది ఇంకా పడలేదు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఇన్సులిన్ లేదు. ఎల్లారెడ్డి రోడ్డును ఊరి అవతలి వాగు కోసేసింది. కరెంటు లేదు, ఫోన్లు పలకడం లేదు. రూత్ నాన్న డేవిడ్ కామారెడ్డిలో రైసుమిల్లు దగ్గర వాచ్‌మన్, అటు రోడ్డు కూడా తెగిందని ముందు రోజే ఫోన్లో చెప్పాడు. సర్కారు బోట్లు వస్తాయని బడిలో తలదాచుకున్న జనం చెప్పుకుంటున్నారు. ఎప్పుడో ఎవరికీ తెలియదు. అప్పటికి వాన వెలిసింది. మధ్యాహ్నం కాకముందే రూత్ చెంబు తరువాత చెంబు నీళ్ళు తాగి, "అమ్మా, ఇంకా దూపైతుంది" అంది.

నేను చేపలు పట్టే మైసన్న ఇంటికి పరుగెత్తాను. అతనికి పుట్టి ఉంది. వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున పట్టా కట్టి, తారు పూసిన గుండ్రటి పడవ.

"నదిలకు దించద్దని పోలీసోళ్ళు చెప్పి పోయిన్రు చెల్లె" అన్నాడు మైసన్న.

"పోలీసోళ్ళు సూది ఇచ్చి పోయిన్రా అన్నా?"

అతను నా వెంట వచ్చాడు. రూత్ ముఖం చూశాడు, తెల్లగా ఎండిపోయిన దాని పెదవులు చూశాడు. తరువాత ఒడ్డున నిలబడి చాలాసేపు నది వైపే చూశాడు.

"ఎదురు పోవుడైతే నాతోని కాకపోవు. కిందికి పోవుడే గదా. రోడ్డును కోసిన వాగు లేదూ, అది పోయి నదిల కలిసే చోటు దాటాలె. దాటినంక కుడిదిక్కు ఒడ్డుకు కొడితే ఎల్లారెడ్డి రోడ్డు దొరుకుతది."

"దాటకుంటే?"

"సాగర్ నీళ్ళలకు పోతం. గేట్లు లేపిన్రట."

నిజాంసాగర్ గేట్లు నేను ఒకసారి చూశాను.

మైసన్న మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "మీరిద్దరు పిట్టలెక్క ఉన్నరు. ఈ దిక్కు మీరు కూసుంటే ఆ దిక్కు ఒక బరువు మనిషి కావాలె. లేకుంటే పుట్టి నా మాట వినది" అన్నాడు.

బరువు మనిషి బడిలోనే దొరికింది. అన్వరి బేగం ఎల్లారెడ్డి నుంచి ఊళ్ళు తిరిగి గాజులమ్మే మనిషి. అరవై దాటి ఉంటాయి, నిండైన విగ్రహం. వానకు మా ఊళ్ళో చిక్కుకుపోయి ఇంటికి పోయే దారి కోసం ఎదురుచూస్తోంది.

"నన్ను రమ్మనేది తోడుకా, బరువుకా?" అని అడిగింది.

"తోడుకే అన్వరమ్మా" అన్నాను.

"బరువుకని చెప్పు, దాంట్ల సిగ్గేముంది. ఇన్నేండ్లు తిన్న తిండి ఒక బిడ్డకు పనికొస్తదంటే మంచిదే" అని, గాజుల మూట భూమక్క చేతికిచ్చి బయలుదేరింది.

ఎక్కేముందు నేనొక పని చేశాను. రూత్ చున్నీ ఒక కొస దాని నడుముకు, ఇంకో కొస నా నడుముకు బిగించి కట్టాను. కనబడకుండా పైన దుప్పటి కప్పాను. నీళ్ళు దాన్ని ఒక్కదాన్నే తీసుకుపోకూడదు. నాకు తెలిసింది అంతే.

పుట్టి ఒడ్డు వదిలింది. మేము కదిలినట్టు అనిపించలేదు, మా ఊరే వెనక్కి జారిపోయింది. ఇండ్లు, బడి, చర్చి మీది సిలువ, అన్నీ ఎవరో పట్టుకుని లాక్కుపోయినట్టు చిన్నవయ్యాయి. వరద అంటే హోరు ఉంటుందనుకున్నాను. నది నడుమకు చేరాక హోరు లేదు. అడుగున ఎక్కడో పెద్ద తిరగలి తిరుగుతున్నట్టు ఒక అదురు, పుట్టి బద్దల్లోంచి నా మోకాళ్ళలోకి, అక్కడి నుంచి పళ్ళలోకి వచ్చింది. మైసన్న ముందు వైపు మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డును తన వైపుకు లాగుతున్నాడు. ఎదురుగా అన్వరి బేగం రెండు చేతులతో అంచు పట్టుకుని పెదవులు కదుపుతోంది. నేనూ ప్రభువును తలుచుకుంటున్నాను.

అప్పటిదాకా నీళ్ళు చూడకూడదని తల దించుకుని ఉన్నాను. తల ఎత్తాక దించడం నాతో కాలేదు.

ఆకాశం ఎంతుందో అంత మేరా నీళ్ళే ఉన్నాయి. ఒడ్డు అనేది లేదు. నెల కిందట మేము వంగి నాట్లేసిన మడులు ఆ నీళ్ళ కింద ఎక్కడో ఉన్నాయి, మేము వాటి మీద నుంచి పోతున్నాం. కరెంటు స్తంభాల తలలు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి, తీగల మీద కొంగలు కూర్చున్నాయి. వాటిలో ఒక తీగ మా తలలకు అందేంత దగ్గరగా వచ్చింది. కరెంటు పోయిందని తెలిసినా రూత్ తలను చేత్తో కప్పాను. "తలలు వంచున్రి" అన్నాడు మైసన్న. వంచాం. కొంగలు లేవలేదు, మమ్మల్ని అసలు లెక్కచేయలేదు. బస్సు షెల్టరు కప్పు మీద రెండు కుక్కలు, ఒక పిల్లి, ఒకదాన్నొకటి చూడనట్టే కూర్చుని ఉన్నాయి. తుమ్మ కొమ్మలకు పాములు ఆరేసిన తాళ్ళలా వేలాడుతున్నాయి. ఎన్ని జన్మల భయమో నాలో లేవాలి. లేవలేదు. అవీ మాలాగే ఏదో ఒకటి పట్టుకుని ఉన్నాయి.

పై ఊళ్ళ నుంచి ఒక మండపం కొట్టుకొచ్చింది. చెక్క బల్ల, దాని మీద వినాయకుడు, మెడలో ఇంకా వాడని బంతిపూల దండ. వంకరైన గొడుగు కింద ఏమీ జరగనట్టు కూర్చుని మా పక్క నుంచి పోయాడు. మైసన్న తెడ్డు ఆపి నుదుటికి చెయ్యి తాకించుకున్నాడు.

"నిన్ననే కూసుండబెట్టిన్రు గదా, ఇంకా రోజులున్నయి" అంది అన్వరి బేగం. "ఈసారి ఎవ్వరి కోసం ఆగకుండ తనే బయలెల్లిండు."

రూత్ నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. అంచు మీదికి వంగి, "అమ్మా, గిటు చూడు. మన మడి మీదికెళ్ళి చేపలు పోతున్నయి" అంది.

"చెయ్యి లోపల పెట్టు" అని కసిరి, నేనూ వంగి చూశాను. నల్లటి వీపులు, ఒకదాని వెనక ఒకటి, పని మీద పోతున్నట్టు పోతున్నాయి.

తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు అప్పటికే అయిపోయాయి. రూత్ నాలుకతో పెదవులు తడుపుకుంటూ, "ఇన్ని నీళ్ళున్నయి, ఒక్క గుక్క తాగనియ్యవైతివి" అంది. కాసేపటికి అది అంచు మీద వాలి వాంతి చేసుకుంది. వాంతికి వంగినప్పుడు దుప్పటి జారింది.

మైసన్న వెనక్కి తిరిగాడు. చున్నీ చూశాడు. తెడ్డు వేసి పుట్టిని పక్కకు లాగి, నీళ్ళలోంచి పైకి తేలిన ఒక తుమ్మచెట్టు కొమ్మ పట్టుకున్నాడు. పుట్టి ఆగి, తాడు తెంచుకోబోయే దూడలా గుంజుకుంటోంది.

"ముడి విప్పు చెల్లె."

"వద్దన్నా. పోతే ఇద్దరం కలిసే పోతం."

"నీకు ఈత రాదు. పుట్టి తిరగబడితే నువ్వు మునుగుతవ్, నీతోని పిల్లను గుంజుకపోతవ్. దానికి గా డబ్బా కట్టు" అని కాలితో ఖాళీ నూనె డబ్బాను నా వైపు తోశాడు. మూత బిగించి, వల తేలడానికి వాడే డబ్బా. "మనిషిని కట్టుకుంటే తేలరు. గాలిని కట్టుకుంటే తేలుతరు."

"నా చేతిల నుంచి జారిపోతే?"

"ముందల వాగు కలిసే చోటు. వినబడుతుందా?"

వినబడుతోంది. నేను అప్పటిదాకా గాలి అనుకున్నాను.

"ముడి విప్పేదాక నేను కొమ్మ ఇడువ" అన్నాడు. కొమ్మ ముళ్ళు దిగి అతని అరచేతి నుంచి నెత్తురు కారుతోంది.

నేను కదల్లేదు. ఎవరేమన్నా విప్పదలుచుకోలేదు. "ఎస్తేరు, నేను లేసి వచ్చి విప్పుదునా? నేను లేస్తే ఏమైతదో తెలుసుగా" అంది అన్వరి బేగం. అప్పటికీ కదల్లేదు. అప్పుడు రూత్ నీరసంగా నా భుజం మీదికి వాలింది. దాని ఊపిరి నా ముఖానికి తగిలింది.

మగ్గిన సీతాఫలం వాసన.

ఎన్ని రాత్రులు ఆ వాసన కోసం వెతికాను. ఎప్పుడూ దొరకలేదు, ఇప్పుడు నది నడుమ దొరికింది. అప్పటిదాకా నా కళ్ళకు నీళ్ళే కనబడ్డాయి. బిడ్డ మునుగుతున్నది నీళ్ళలో కాదని, కొమ్మ పట్టుకుని ఎంతసేపు ఆగితే అంత లోతుకు పోతోందని అప్పుడు అర్థమైంది. ముడి మీద పడ్డాను. తడిసిన చున్నీ రాయిలా బిగుసుకుపోయింది. గోళ్ళకు అందలేదు. తల దాని ఒళ్ళో పెట్టి పళ్ళతో పట్టి లాగాను. బురద రుచి, తారు రుచి. రూత్ నా జుట్టు మీద చెయ్యి పెట్టి, "జర నిమ్మళంగ అమ్మా, నేను ఎటు పోతలేను" అంది. చివరికి ఒక పోగు కదిలింది, దాని వెంట ముడి వదులైంది. నా నడుము దగ్గరి ముడి కూడా విప్పి, అదే చున్నీతో డబ్బాను దాని చంకల కిందుగా చుట్టి కట్టాను. నా నడుము ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది.

"ఇగ పోదామన్నా" అన్నాను. అది నా గొంతేనా అనిపించింది.

మైసన్న కొమ్మ వదిలాడు.

వాగు కుడివైపు నుంచి వచ్చి నదిని కొడుతోంది. నది నీళ్ళు నల్లగా, వాగు నీళ్ళు ఎర్రగా. రెండూ కలవడం లేదు. మధ్యలో గీత గీసినట్టు ఉంది, ఆ గీత వెంబడి నీళ్ళు కోడెల మూపుల్లా లేచి, పడి, మళ్ళీ లేస్తున్నాయి. రోడ్డును తెంచింది ఇదే. మామూలు రోజుల్లో మా చెప్పులు కూడా తడవకుండా దాటే వాగు. మైసన్న దానికి ఎదురు పోలేదు. తెడ్డు ఎత్తిపట్టి, వాగు తోసినంత దూరం మమ్మల్ని తోయనిచ్చాడు. పుట్టి గిర్రున తిరిగింది. ఆకాశం, నీళ్ళు, అన్వరి బేగం ముఖం, మళ్ళీ ఆకాశం. ఎర్రనీళ్ళు నా ఒళ్ళోకి దూకాయి. రూత్ చెయ్యి నా చేతిలో ఉంది, వేళ్ళు మాత్రమే, ముడి ఏదీ లేదు.

తిరగడం కొంచెం తగ్గింది. అప్పుడు మైసన్న చాలా చిన్న గొంతుతో, "అటు చూడున్రి" అన్నాడు.

వాగు నీళ్ళలోంచి తలలు వస్తున్నాయి. ముందు కొట్టుకొచ్చే కొమ్మలనుకున్నాను. కొమ్ములు. చుక్కల దుప్పులు. పోచారం అడవి మునిగి, అక్కడి నుంచి ఈదుకుంటూ వచ్చాయి. ఎన్నో చెప్పలేను. పెద్ద కొమ్ముల మగది ముందు, దాని వెనక ఒకదాని నడుము మీద ఇంకొకటి గడ్డం ఆనించుకుని, చివర పిల్లలు. మమ్మల్ని చూసి బెదరలేదు. ఎంత దగ్గర నుంచి పోయాయంటే, వాటి ముక్కుల్లోంచి గాలి బుసబుసమనడం వినబడింది. తడిసిన కనురెప్పలు కనబడ్డాయి. నది అంత బలంగా లాగుతున్నా ఆ వరస తెగలేదు. నది కూడా వాటి కోసం కాస్త వంగినట్టే ఉంది.

అన్వరి బేగం పెదవులు ఆగిపోయాయి. నా ప్రార్థన ఎక్కడ ఆగిందో నాకు గుర్తులేదు. అది తప్పని ఎవరైనా అంటే ఒప్పుకోను. అడగడానికి నాకు ఆ క్షణం ఏమీ మిగల్లేదు. ఇంత పెద్ద పని చేసేవాడు చూస్తూనే ఉన్నాడనిపించింది.

దుప్పులు పుట్టిని దాటి ఎడమ ఒడ్డు వైపు పోయాయి. మైసన్న వెంటనే తెడ్డు దించాడు. "అన్వరమ్మా, నీ దిక్కుకు బాగ ఒరుగు. ఇంకా. సిగ్గుపడకు."

"ఇన్నేండ్లకు ఒక మొగోడు నన్ను ఇంకా లావు కమ్మంటున్నడు" అని ఆమె పూర్తిగా ఒరిగింది. పుట్టి అటు వంగింది, ఆ వంపుతోనే కుడికి తిరిగింది. మైసన్న మెడ నరాలు తాళ్ళలా లేచాయి. లాగాడు, లాగాడు. సాగర్ వైపు పోయే నీళ్ళు మమ్మల్ని పట్టుకోలేదు. చెరుకు ఆకుల కొసలు పుట్టి అడుగున గరగరమన్నాయి. అంతకన్నా మంచి చప్పుడు నేను వినలేదు.

చెరుకుతోటలోకి పైనుంచి ఇద్దరు మనుషులు దిగి, రూత్‌ను డబ్బాతో సహా ఎత్తుకున్నారు. రోడ్డు మీద ట్రాక్టరు ఉంది. మైసన్న రాలేదు. "పుట్టి ఎదురు ఎక్కది. నీళ్ళు తీసినంక నెత్తిన పెట్టుకొని నడిచొస్త. మీరు నడువున్రి" అని చేతికి గుడ్డ చుట్టుకుంటూ గట్టు మీద కూలబడ్డాడు. నేను అతని కాళ్ళకు దండం పెట్టబోతే, "ముందు పిల్లను తీస్కపో" అని కసిరాడు.

ఎల్లారెడ్డి ఆసుపత్రిలో నర్సమ్మ రూత్ నోటి దగ్గర వంగి చూసి, నన్ను ఒక్క మాట కూడా అడగకుండా లోపలికి పరుగెత్తింది. సెలైను పెట్టారు, ఇన్సులిన్ పెట్టారు. నేను దాని కాళ్ళ దగ్గర నిలబడ్డాను. సెలైను చుక్క ఆగిందేమో, సూది పక్కకు జరిగిందేమో, దాని పాదాలు చల్లబడుతున్నాయేమో. నా భయాలన్నీ తిరిగి వచ్చి ఎప్పటిలా నా పక్కన నిలబడ్డాయి. వేలు గుచ్చి చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. సాయంత్రం డాక్టరు వచ్చి, "షుగర్ దిగుతోందమ్మా. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం" అన్నాడు. నేను ముక్కు పెట్టి చూశాను. ఆ వాసన తగ్గింది.

చీకటి పడ్డాక రూత్ కళ్ళు తెరిచి, "ఆకలైతుంది" అంది. డాక్టరు పెట్టొచ్చన్నాడు. అన్వరి బేగం అప్పటికే ఇంటికి పోయి, బట్టలు మార్చుకుని, కోడలితో జొన్నరొట్టె, పప్పు చేయించి తెచ్చింది. "తిను బేటీ, నాలెక్క కావాలె నువ్వు" అని మంచం పక్కన కూర్చుంది.

ఆమె ఫోను తీసుకుని నేను వరండాలోకి వచ్చి డేవిడ్‌కు చేశాను. మొదటి మోతకే ఎత్తాడు.

"బిడ్డ రొట్టె తింటుంది" అన్నాను. ముందు అదే చెప్పాలని దారంతా అనుకున్నాను. తరువాత కుండ సంగతి, సీసాల సంగతి, ఆసుపత్రి సంగతి చెప్పాను. అతను ముక్కు చీదుకోవడం వినబడింది.

"రోడ్డు లేకపాయె. ఎట్ల వచ్చిన్రు?"

"నది మీదికెళ్ళి. మైసన్న పుట్టిల."

"నువ్వా?"

"నేనే."

"ఎట్లుండె?" అని అడిగాడు.

నోరు తెరిచాను. ఆ నీళ్ళు, ఆ తలలు, వాటి ఊపిరి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. చెప్పబోతే అన్నీ చిన్నవైపోతున్నాయి.

"నువ్వొచ్చినంక చెప్త" అన్నాను. "ఫోన్‌ల పట్టేది కాదు."